సైకిలెక్కాలంటే కారెక్కాలట!

లక్షన్నర పెట్టి సైకిలు కొంటారు. దాన్ని కారు వెనక కొక్కేలకు తగిలించి బెల్టులతో బిగిస్తారు. తెల్లారకముందే ఇల్లు వదిలి, వికారాబాద్ దగ్గరో శంకర్‌పల్లి అవతలో ఇంకా తారు పడని బాట ఒకటి వెతికి పట్టుకుని, అక్కడ సైకిలు దింపుతారు. రెండు గంటలు తొక్కి, ఫొటోలు దిగి, మళ్లీ సైకిలును కారుకు కట్టుకుని ఇంటికొస్తారు. దీన్ని గ్రావెల్ రైడింగ్ అంటారట. మా మనవడు చెప్పాడు. విన్న దగ్గర్నుంచీ నాకు ఒళ్లు మండుతోంది.

మా రోజుల్లో ఈ పనికి కారు అక్కర్లేదు. అఫ్జల్‌గంజ్‌లో ఇంటి మెట్టు దిగి పెడలు మీద కాలు పెడితే చాలు, ఎంత నింపాదిగా తొక్కినా పొద్దెక్కేలోపే చక్రాల కింద మొరం కరకరలాడేది. వెనక హారన్ లేదు, పక్కన లారీ లేదు. ఎదురొస్తే ఎడ్లబండి, లేదంటే మేకలమంద. ఆ మేకలు కూడా మనకే దారి ఇచ్చేవి, ఇప్పటి ఎస్‌యూవీల లాగా కాదు.

నేను చెప్పేది 1960ల మాట. అప్పట్లో అఫ్జల్‌గంజ్ ఖాళీగా ఉండేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఐదో నిజాం అఫ్జలుద్దౌలా పేరు పెట్టుకున్న నాటి నుంచీ అది బజారే. బేగంబజార్‌కు పోయే సరుకు, ఉస్మానియా దవాఖానాకు వచ్చే రోగులు, నయాపూల్ దాటి వచ్చే జనం, గౌలిగూడ బస్టాండు రేకుల షెడ్డులోంచి బయటపడే బస్సులు, టాంగాలు, రిక్షాలు, తోపుడుబండ్లు అన్నీ ఆ చౌరస్తాలోనే కలిసేవి. కానీ ఆ రద్దీ నడిచేది మనిషి వేగంతో. గుర్రం ఎంత పరుగెత్తినా టాంగా టాంగానే. ఒకడి సైకిలు ఇంకొకడికి తగిలితే నోటినిండా తిట్లు, ఆ తర్వాత ఇరానీ చాయ్. దవాఖానా ఎదురుగానే ఉన్నా ఎవరికీ దానితో పని పడేది కాదు.

ఆసఫియా లైబ్రరీ ముందు సైకిళ్లు వరసగా నిలబడి ఉండేవి. ఆ భవనం 1936 నాటిది, ఇప్పుడు స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అంటున్నారు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఇప్పటికీ అక్కడి చెట్ల కింద కూర్చుంటారు, అంతవరకు సంతోషం. సైకిళ్లు ఉన్న చోట మాత్రం మోటారు సైకిళ్లు, వాటి మధ్యలోంచి లోపలికి పోవాలంటే నా వయసువాడు పక్కకు తిరిగి ఊపిరి బిగబట్టాలి.

గౌలిగూడ పక్క సందులో ఒక సైకిల్ టాక్సీ ఉండేది. ఈ కాలం పిల్లలకు చెప్పాలి, సైకిల్ టాక్సీ అంటే గంటల లెక్కన సైకిళ్లు అద్దెకిచ్చే దుకాణం. మడ్‌గార్డు మీద ఎర్ర రంగుతో నంబరు. గోడకు వేలాడే లెక్కల పుస్తకంలో మన పేరు, టైము. మొహం తెలిస్తే చాలు, ఆధార్ అడిగే కాలం కాదు. దుకాణం నడిపే ఆయన్ని ఊరంతా ఉస్తాద్ అనేది, నేనూ అంతే. కాళ్లు అందనప్పుడు కైంచీ తొక్కి, డండీ మీదికి ఎదిగి, ఆ తర్వాత సీటెక్కినవాళ్లం మేము. ఇప్పటి పిల్లలకు మూడేళ్లకే పక్కచక్రాల సైకిలు కొనిపెట్టి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్తంభాల చుట్టూ తిప్పుతున్నారు. గానుగెద్దుకు కూడా అంతకన్నా కాస్త గాలి తగిలేది.

ఇక ఆ టైర్ల సంగతి. మా మనవడు ఫ్రాన్స్‌లో తులూజ్‌లో ఉంటాడు, ఎయిర్‌బస్ విమానాలు తయారయ్యే ఊరు. గ్రావెల్ సైకిలు కొన్న రోజున వీడియోలో దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూపించాడు. "తాతా, టైరు చూడు, 40 మిల్లీమీటర్ల వెడల్పు! రాళ్ల మీద కూడా మెత్తగ పోతది. గాలి మరీ గట్టిగ కొట్టొద్దు, కొంచెం తక్కువుండాలె, అదే టెక్నిక్" అంటాడు. అంతా విన్నాక అడిగాను, "అరే, మన పెద్ద సైకిలు టైరు మీద ఏం రాసుంటదో ఎప్పుడన్న చూసినావురా?" చూడలేదు.

28×1½ అని ఉంటుంది. అంగుళంన్నర అంటే 38 మిల్లీమీటర్లు. ర్యాలీ, హెర్క్యులిస్, అట్లాస్, హీరో ఏది కొన్నా పెద్ద సైకిలుకు అదే టైరు. పాలవాడు అటూ ఇటూ క్యాన్లు వేలాడేసుకుని దాని మీదే వచ్చాడు, బడిపంతులు దాని మీదే పోయాడు, పోస్ట్‌మాన్ దాని మీదే ఉత్తరాలు పంచాడు. దారులు అట్లాంటివి కాబట్టి టైరూ అట్లాంటిదే పెట్టారు. మధ్యలో వేలంత సన్న టైర్ల రేసింగ్ సైకిళ్ల మోజు పుట్టింది. అవి మట్టిలో దిగితే కూరుకుపోతాయి. అప్పుడు మళ్లీ వెడల్పు టైరు కనిపెట్టి, దానికి కొత్త పేరు పెట్టి, లక్షల్లో ధర పెట్టారు. ఇంకో తమాషా కూడా మనవడే వెతికి చెప్పాడు. మన పెద్ద సైకిలు రిమ్ముకు ఫ్రెంచివాళ్ల కొలతల్లో 700బి అని పేరుందట. ఇప్పుడు వాడు తొక్కే 700సి దానికంటే అర అంగుళం చిన్నది.

గాలి తక్కువ పెట్టడం కూడా కొత్త విద్యేం కాదు. గండిపేట పోతున్నామని చెబితే ఉస్తాద్ పంపు కొట్టాక టైరును బొటనవేలితో నొక్కి చూసి, వాల్వు దగ్గర రెండుసార్లు బుస్సుమనిపించి, "జావ్ అబ్" అనేవాడు. ఏ మీటరూ లేదు, ఆ బొటనవేలే మీటరు. పంచరైతే ఆ పని చూడ్డమే ఒక తమాషా. తసలాలో నీళ్లు పోసి, ట్యూబును జానెడు జానెడు ముంచుకుంటూ పోతాడు. సన్నగా బుడగలు లేచిన చోట తడి తుడిచి, చెక్కపెన్సిల్‌తో చుట్టూ గీత గీస్తాడు. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, వెంటనే అతికించకుండా బీడీ ముట్టిస్తాడు. బీడీ సగమయ్యేలోపు సొల్యూషన్ ఆరి వేలికి అంటుకోకుండా అయ్యేది, పాత ట్యూబులోంచి కోసిన ముక్క అప్పుడు వేస్తాడు. ఆ తర్వాత అసలు పని. టైరు లోపలి వైపు వేళ్లు పెట్టి మెల్లగా తడుముతూ పోయి, ఇంకా గుచ్చుకునే ఉన్న తుమ్మముల్లు మొన బయటికి తీసి మనకు చూపించేవాడు. అది తీయకపోతే పది గజాల్లో మళ్లీ పంచరే. ఇప్పటి ట్యూబ్‌లెస్ టైర్లలో పాలలాంటి ద్రవం పోస్తారట, ముల్లు దిగితే అదే పూడుకుంటుందట. మంచిదే. ఆ ద్రవం ఆరిపోయినప్పుడల్లా మళ్లీ పోయించుకోవాలని మాత్రం అమ్మేటప్పుడు ఎవడూ చెప్పడట.

ఒక్క బ్రేకుల విషయంలో నేనేం వాదించను. మా రాడ్డు బ్రేకులు వానలో ఉన్నట్టే గానీ పట్టేవి కావు. లంగర్‌హౌజ్ దగ్గర దిగుడులో చెప్పు నేలకు రాసి ఆపినవాళ్లమే అందరం. చెప్పులు అరిగినందుకు ఇంట్లో పడ్డ దెబ్బలు వేరే.

దారి చెబుతాను వినండి, ఎందుకంటే ఇప్పుడు గూగుల్‌ను అడిగితే అది ఫ్లైఓవర్ల మీదుగా తీసుకుపోతుంది. అఫ్జల్‌గంజ్‌లో బయల్దేరి, జుమ్మేరాత్ బజార్ మీదుగా, పురానాపూల్‌ను ఎడమ చేతికి వదిలి కార్వాన్‌లో పడేవాళ్లం. 1578లో కట్టిన ఆ వంతెన ఇప్పుడు కూరగాయల బజారు. ఆలోచిస్తే నవ్వొస్తుంది, ఈ మహానగరంలో లారీలు తిరగని వంతెన ఒకటి మిగిలితే దాని మీద టమాటాలు పోశారు. కార్వాన్ తర్వాత లంగర్‌హౌజ్. ఎడమకు దిగితే మూసీ, ఈసీ కలిసే సంగమం, గాంధీ అస్థికలు కలిపిన బాపూఘాట్. కుడివైపు గోల్కొండ కోట బురుజులు. అక్కడిదాకా ఊరు. అక్కడ్నుంచి తారామతి బారాదరి గుట్ట కనపడగానే ఊరు అయిపోయేది.

పెద్ద రోడ్డుకు తారు ఉండేది, మేం దాన్ని పట్టుకుని పోయేవాళ్లం కాదు. బండ్ల బాటలు పట్టేవాళ్లం. ఎడ్లబండి చక్రాలకు ఇనుప కమ్ములుంటాయి. అవి ఏళ్ల తరబడి ఒకే జాడలో తిరిగి తిరిగి ఎర్ర మొరాన్ని నూరి, నొక్కి, రెండు నున్నటి గీతలు చేసేవి. మధ్యలో గడ్డి, అక్కడక్కడ ఆవుపేడ. మేం ఇద్దరం ఉంటే చెరో గీత, మాట్లాడుకుంటూ పోవచ్చు. తొలకరి పడ్డ మరునాడు ఆ మొరం అంత మంచి రోడ్డు ఇంకోటి లేదు. దుమ్ము అణిగి, బురద కాకుండా, టైరు కింద మెత్తగా అణిగేది. నడి ఎండాకాలం మాత్రం రాళ్లు లేచి సీటు కింద స్ప్రింగులు కీచుమనేవి. వాగు అడ్డమొస్తే ఇసకలో దిగి సైకిలు మోయాల్సిందే. నార్సింగి దాటాక కోకాపేట, ఆ తర్వాత గండిపేట కట్ట. 1908లో మూసీ పొంగి ఊరిని ముంచితే, విశ్వేశ్వరయ్య సలహా మీద కట్టిన చెరువు అది. 1920కి పూర్తయింది, అసలు పేరు ఉస్మాన్‌సాగర్. ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో వచ్చింది. గండిపేట నీళ్లు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా మోటారు లేకుండా, వాలు మీదే ఒక కట్టుడు కాలువలో వచ్చేవి. ఆ కాలువ వెంబడి కొంత మేర మంచి బాట ఉండేది. వాలు నీళ్లకుంటే సైకిలుకూ ఉన్నట్టే కదా. తిరుగు ప్రయాణంలో ఆ బాట దొరికినంత దూరం పెడలు మీద కాలు ఊరికే పెట్టి కూర్చునేవాళ్లం.

మా మనవడు తులూజ్‌లో తొక్కేది కూడా కాలువ బాటే. కెనాల్ దు మిదీ అని, తులూజ్ నుంచి మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న సేత్ దాకా 240 కిలోమీటర్లు. 1666లో తవ్వడం మొదలుపెట్టి 1681లో నీళ్లు వదిలారు. అంటే ఇక్కడ గోల్కొండలో తానీషా గద్దె మీద ఉన్నాడు, ఔరంగజేబు వచ్చి పడడానికి ఇంకా ఆరేళ్లుంది. పడవల్ని గుర్రాలు లాగేందుకు గట్టు మీద బాట వేశారు. గుర్రాలు పోయాయి, సరుకు రైళ్లకూ లారీలకూ మళ్లింది, బాటను మాత్రం వాళ్లు పారేసుకోలేదు. ఊరి దగ్గర కొంత దూరం తారు వేశారట, ఆ తర్వాతంతా మట్టీ కంకరా, చెట్ల వేళ్లూ. మోటారు బండికి ప్రవేశం లేదు. అదొక్కటే కాదు, మూతపడ్డ రైలు మార్గాల పట్టాలు పీకి, ఆ కట్టల్ని సైకిళ్లకూ నడిచేవాళ్లకూ వదిలేశారట. బుర్గుండీ వైపు జివ్రీ నుంచి క్లూనీ దాకా అట్లాంటి దారి 1997లోనే తెరిచారని మనవడు ఫొటోలు పంపాడు. ద్రాక్షతోటల మధ్యలోంచి సన్నని బాట, మనిషన్నవాడు లేడు.

"ఎట్లుంది తాతా?" అన్నాడు. నార్సింగి లాగా ఉందిరా అన్నాను. వాడు నమ్మలేదు. వాడు పుట్టాక చూసిన నార్సింగి వేరు మరి.

కోకాపేటలో 2023 వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. మేం సైకిళ్లు వేపచెట్టుకు ఆనించి, మోటబావి దగ్గర నీళ్లు తాగి, తువ్వాలు పరుచుకుని పడుకున్న నేల అది. ఆ లెక్కన మా తువ్వాలు పరిచిన జాగా ఎన్ని లక్షలో మీరే వేసుకోండి, నాకు అంత లెక్క రాదు. గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 ఊళ్లలో కట్టడాలకు హద్దులు పెడుతూ 1996లో 111 జీవో తెచ్చారు. 2022లో ఆ హద్దులు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది. ఆ తర్వాత కమిటీలన్నారు, కోర్టులన్నారు. బండ్ల బాట మాత్రం ఏ జీవోలోనూ లేదు. అది ఎవరి పేరునా పట్టా కాదు, అందుకే అన్నిటికంటే ముందు అదే పోయింది. లేఅవుటు గీసేవాడి కాగితం మీద బాట అడ్డంగా ఉంటే ఒక రబ్బరు రుద్దుడు చాలు.

ఇంత జరిగాక, సైకిళ్లకు దారి లేదని గుర్తొచ్చి, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిల్ ట్రాక్ వేశారు. 2023 అక్టోబర్ 1న తెరిచారు. 23 కిలోమీటర్లు, నాలుగున్నర మీటర్ల వెడల్పు, నెత్తిన సోలార్ పలకల కప్పు, 16 మెగావాట్ల కరెంటు. ఎండ తగలదు, వాన తగలదు. బాగుంది, బాగోలేదని అనను. నానక్‌రాంగూడ నుంచి ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క. నార్సింగి అనగానే నా మనసు లేచి కూర్చుంది, తీరా చూస్తే ఒక పక్క ఎనిమిది వరసల రోడ్డు హోరు. సరే, అదీ ఓర్చుకుంటాను. అఫ్జల్‌గంజ్ నుంచి ఆ ట్రాక్ దాకా సైకిలు మీద ఎట్లా పోవాలో ఎవరైనా చెప్పగలరా? మెహిదీపట్నంలో బస్సులకూ ఆటోలకూ మధ్య, టోలీచౌకి ఫ్లైఓవర్ కింద, ప్రాణం అరచేతిలో పెట్టుకుని పోవాలి. లేదా కారు వెనక కట్టుకుని పోవాలి. జనం రెండోదే చేస్తున్నారు. సైకిలు చేరాల్సిన చోటికి కారు చేరుస్తుంటే, ఇక సైకిలు చేసే పనేమిటో నాకు అర్థం కాదు.

నీడ సంగతి వచ్చింది కాబట్టి చేవెళ్ల దారి మర్రిచెట్ల గురించి కూడా ఒక మాట. బీజాపూర్ రోడ్డు మీద తొమ్మిది వందల పైచిలుకు మర్రులు. రోడ్డు వెడల్పు చేయాలని ఒకరు, చెట్లు కొట్టొద్దని ఒకరు ట్రిబ్యునల్ దాకా పోయారు. ఫ్రాన్స్ కాలువ గట్టు మీది చెట్లకు కూడా ఏదో బూజు తెగులు పట్టి వేలకొద్దీ నరకాల్సి వచ్చిందట, కొట్టిన చోట వేరే జాతి మొక్కలు నాటుతున్నారట. అక్కడ చెట్టుకు రోగమొస్తే కొడుతున్నారు, ఇక్కడ రోగం రోడ్డుకు.

ఇంకో మాట కూడా కడుపులోంచి వస్తోంది, అనేస్తాను. హెల్మెట్టు, నల్లకళ్లద్దాలు, ఒంటికి అతుక్కున్న రంగుచొక్కా ఉంటే పత్రికలవాళ్లు సైక్లిస్టు అని రాస్తారు. పొద్దున ఐదింటికి సిద్దిఅంబర్ బజార్ సందులో నిలబడి చూడండి. వెనక క్యారియర్ మీద స్టీలు గిన్నెల మూట, ముందు హ్యాండిల్‌కు రెండు సంచులు కట్టుకుని, అదే 28×1½ టైరు మీద, లారీల మధ్యలోంచి పోయేవాడు ఉంటాడు. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్ ఉంటాడు. వాళ్లను ఎవరూ సైక్లిస్టులనరు. వాళ్లకు సోలార్ కప్పూ లేదు, నాలుగున్నర మీటర్లూ లేదు. వాళ్ల కోసం అఫ్జల్‌గంజ్ చౌరస్తాలో ఒక అడుగు వెడల్పు గీత గీసినా చాలు, ఆ గీత మీద కూడా ఆటో ఆపుతారనుకోండి.

మా రోజులు అన్నీ బంగారమని నేనేం చెప్పను. రాత్రి దీపం లేకుండా దొరికితే పోలీసు వాల్‌ట్యూబు పీకి జేబులో వేసుకునేవాడు, ఇంటిదాకా నడకే. డబుల్స్ ఎక్కితే జుర్మానా. ఆడపిల్లలు సైకిలెక్కితే సందంతా కిటికీల్లోంచి చూసేది. మా చెల్లెలు నేర్చుకుంటానంటే మా నాన్న ససేమిరా అన్నాడు. ఇప్పుడు ఆడవాళ్లు రాత్రింబవళ్లు వందల కిలోమీటర్లు తొక్కుతున్నారు, ఫ్రాన్స్‌కు పోయి పారిస్ నుంచి బ్రెస్ట్, బ్రెస్ట్ నుంచి పారిస్ 1200 కిలోమీటర్లు 90 గంటల్లో పూర్తిచేసే సవాలుకు మన దేశం నుంచి వందల మంది పోతున్నారు, వాళ్లలో హైదరాబాదువాళ్లూ ఉన్నారు. ఆ విషయంలో ఈ కాలానికే నా ఓటు. కానీ వాళ్లలో ఎవరినైనా అడగండి, ప్రాక్టీసుకు పొద్దున మూడింటికి ఎందుకు లేస్తారని. షోకుకో తపస్సుకో కాదు, నాలుగు దాటితే లారీలు మొదలవుతాయని.

అట్లాస్ వాళ్ల చివరి ఫ్యాక్టరీ సాహిబాబాద్‌లో 2020 జూన్ 3న మూతపడింది. ఆ రోజే ప్రపంచ సైకిల్ దినోత్సవం. ఇంతకన్నా వెటకారం నేను చేయలేను. నా అట్లాస్ మాత్రం ఇంకా వరండాలో ఉంది, చైన్ కవరు మీద అక్షరాలు సగం పోయాయి.

డిసెంబరులో మనవడు వస్తానన్నాడు. సైకిలును విమానంలో పెట్టెలో పెట్టుకుని తెస్తాడట, గండిపేట దాకా పోదాం తాతా అన్నాడు. నువ్వు పో, నేను లంగర్‌హౌజ్ దాకానే వస్తా, అదీ తెల్లారకముందు పోతేనే అన్నాను. దాని కోసం వెనక టైరు మార్చాలని మొన్న గౌలిగూడ పోయి అడిగాను. 28×1½ ఉందన్నాడు దుకాణంవాడు, రేటు చెప్పాడు. ఆ డబ్బుకు మా నాన్న కొత్త సైకిలే కొనుక్కొచ్చాడు, డైనమోతో సహా. అదే మాట అతనితో అంటే, "అయితే మీ నాన్నగారినే పంపండి సార్" అన్నాడు.